వేగం చెప్పే గొట్టం

అందరికీ నమస్కారం. మీరు రేపో మాపో విమానాల మీద చెయ్యి వేయబోయేవాళ్లు. ఇంజన్ గురించి, కాక్‌పిట్‌లో వెలిగే తెరల గురించి తరగతుల్లో చాలా విన్నారు. ఈరోజు నేను మాట్లాడేది బల్ల మీదున్న ఈ మూరెడు కూడా లేని గొట్టం గురించి. దీని పేరు పిటో ట్యూబ్. 1732లో ఆన్రీ పిటో అనే ఫ్రెంచి ఇంజనీరు సేన్ నదిలో నీటి వేగం కొలవడానికి ఇలాంటి గొట్టాన్నే వాడాడు. నీటి కోసం పుట్టిన ఆలోచనను ఇప్పుడు గాలికి వాడుతున్నాం.

పరిగెత్తే బస్సు కిటికీలోంచి అరచెయ్యి బయటపెడితే గాలి వెనక్కి తోస్తుంది కదా. బస్సు వేగం రెండింతలైతే ఆ తోపు నాలుగింతలవుతుంది. గాలికి ఎదురుగా నోరు తెరుచుకున్న ఈ గొట్టం ఆ తోపును, దాంతోపాటు చుట్టూ ఉన్న గాలి ఒత్తిడిని కూడా పట్టుకుంటుంది. విమానం పక్కగోడలకు స్టాటిక్ పోర్ట్‌లని చిన్న రంధ్రాలుంటాయి. అవి చుట్టూ నిలకడగా ఉన్న గాలి ఒత్తిడిని మాత్రమే తీసుకుంటాయి. మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే మిగిలేది వేగం వల్ల వచ్చిన ఒత్తిడి. ఎయిర్ డేటా కంప్యూటర్ దాని నుంచే వేగం లెక్కకడుతుంది. స్టాటిక్ ఒత్తిడి ఒక్కటే చూసి ఎత్తు చెబుతుంది.

జీపీఎస్ ఉండగా ఈ పాతకాలం గొట్టం ఎందుకని చాలామంది అడుగుతారు. మంచి ప్రశ్న. జీపీఎస్ చెప్పేది నేల మీద ఎంత వేగంగా కదులుతున్నామన్నది. రెక్కకు నేలతో పని లేదు. రెక్క మీదుగా గాలి ఎంత జోరుగా పోతోందన్నదే దానికి కావాలి. పైగా ఎత్తుకు పోయేకొద్దీ గాలి పలచబడుతుంది. 35,000 అడుగుల దగ్గర కాక్‌పిట్‌లో దాదాపు 270 నాట్లు (ఒక నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు) చూపిస్తుంటే, గాలిలో విమానం అసలు వేగం 460 నాట్ల దాకా ఉంటుంది. అయినా పైలట్ ముందుగా చూసేది ఆ 270నే, ఎందుకంటే రెక్కకు తెలిసే గాలి అంతే.

ఇక గొట్టం మూసుకుపోతే ఏమవుతుందో చూద్దాం. 1996 ఫిబ్రవరి 6న డొమినికన్ రిపబ్లిక్‌లోని ప్వెర్తో ప్లాతా నుంచి ఒక బోయింగ్ 757 బయలుదేరింది. బిర్గెన్ ఎయిర్ 301. అంతకుముందు ఆ విమానం చాలా రోజులు నేల మీదే నిలిచి ఉంది. గొట్టాలకు తొడుగులు వేయలేదు. మన ఇళ్లలో స్విచ్‌బోర్డు రంధ్రాల్లో కందిరీగలు మట్టి పెట్టి గూడు కడతాయి చూడండి, అలాంటి పురుగే కెప్టెన్ వైపు పిటో ట్యూబ్‌ను మూసేసి ఉంటుందని దర్యాప్తువాళ్లు భావించారు. గొట్టం లోపల ఒత్తిడి చిక్కుకుపోయింది. విమానం ఎక్కేకొద్దీ బయటి ఒత్తిడి తగ్గింది. రెండింటి మధ్య తేడా పెరిగింది. దాంతో కంప్యూటర్‌కు వేగం పెరుగుతున్నట్టు కనిపించింది. ఆ లెక్కనే నమ్మిన ఆటోపైలట్ ముక్కు పైకెత్తుతూ పోయింది. అసలు వేగం పడిపోతోంది. కో-పైలట్ ముందున్న మీటర్ సరిగ్గానే చూపిస్తోంది. ఐదు నిమిషాలకే విమానం సముద్రంలో పడి 189 మంది చనిపోయారు.

ఇది చదివిన మొదటిసారి నాకు నిద్రపట్టలేదు. కంప్యూటర్ చెడిపోలేదు. తనకు చెప్పిన లెక్కను తప్పు లేకుండా కట్టింది.

అదే ఏడాది అక్టోబర్ 2న లీమా నుంచి బయలుదేరిన ఏరోపెరూ 603లో స్టాటిక్ పోర్ట్‌ల మీద టేప్ మిగిలిపోయింది. విమానం కడిగేటప్పుడు నీళ్లు పోకుండా అతికించినది. తీయడం మరచిపోయారు. 70 మంది పోయారు.

2009 జూన్ 1న రియో నుంచి పారిస్ వెళ్తున్న ఎయిర్ ఫ్రాన్స్ 447 సంగతి వేరు. అట్లాంటిక్ మీద, పెద్ద మేఘాల్లో, మంచు స్ఫటికాలు పిటో ట్యూబ్‌లను మూసేశాయి. గొట్టంలో హీటర్ ఉంది, కానీ అంత మంచును కరిగించలేకపోయింది. వేగం అంకెలు పొంతన లేకుండా పోవడంతో ఆటోపైలట్ తప్పుకుంది. ఇంజన్లు రెండూ చక్కగా పనిచేస్తున్నాయి. తెలిసిన కోణంలో ముక్కు ఉంచి, తెలిసిన పవర్ పెట్టి కాస్త ఓపిక పడితే చాలు, ఒక్క నిమిషం లోపే అంకెలు సర్దుకునేవి. కానీ పైలట్ కంట్రోల్ కర్రను వెనక్కి లాగి ముక్కు పైకెత్తాడు. రెక్కలు గాలి మీద పట్టు కోల్పోయాయి, దీన్నే స్టాల్ అంటారు. స్టాల్ హెచ్చరిక మోగింది. కొలిచిన వేగం 60 నాట్ల కిందికి పడితే కంప్యూటర్ ఆ అంకెను చెల్లదని తీసేస్తుంది, దాంతో హెచ్చరికా ఆగిపోతుంది. ముక్కు దించితే అంకె మళ్లీ చెల్లుబాటై హెచ్చరిక మోగేది. అంటే సరైన పని చేసినప్పుడే అలారం! ఆ చీకట్లో, ఆ టెన్షన్‌లో ఉన్న ముగ్గురు పైలట్లను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. ఆటోపైలట్ తప్పుకున్నాక నాలుగున్నర నిమిషాలలోపే అంతా అయిపోయింది. 228 మంది. సుమారు 3,900 మీటర్ల లోతు నుంచి రికార్డర్లు, అంటే బ్లాక్ బాక్సులు, దొరకడానికే దాదాపు రెండేళ్లు పట్టింది.

పెద్ద విమానాల్లో ఈ గొట్టాలు సాధారణంగా కనీసం మూడు ఉంటాయి. ఒకటి తప్పు చెబితే మిగతా రెండింటితో పోల్చి పట్టుకోవచ్చు. అయితే ఆ రాత్రి ఒకే మేఘం ఒకటి కంటే ఎక్కువ గొట్టాలను దెబ్బతీసింది. ఈ ప్రమాదం తరువాత ఆ రకం గొట్టాలను మార్చారు.

ఇప్పుడు ఒక్కొక్కరుగా ముందుకు రండి. దీనికి కరెంటు ఇవ్వలేదు, ధైర్యంగా పట్టుకోవచ్చు. విమానం మీద మాత్రం హీటర్ ఆగి ఉందో లేదో చూసుకోకుండా ముట్టుకోకండి, చెయ్యి కాలుతుంది. ముందున్న రంధ్రంలోకి టార్చి వేసి చూడండి. కిందున్నది నీళ్లు కారిపోయే రంధ్రం, దాన్నీ చూడండి. ఆ తరువాత ఈ ఎర్ర తొడుగు మీ చేత్తో వేసి, మీ చేత్తోనే తీయండి.