ఒక్కసారికి ఏటవుద్ది మాస్టారూ?

శ్రోతలకు నమస్కారం.

నేను నర్సీపట్నం వైపు ఒక హైస్కూల్లో చాలా ఏళ్లు జీవశాస్త్రం చెప్పాను. రిటైరయ్యాక కూడా ఎవరైనా పిలిస్తే స్కూళ్లకు వెళ్లి పిల్లలతో మాట్లాడుతుంటాను. ఈరోజు మత్తు పదార్థాల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. వాటి గురించి పిల్లలకు చెప్పబోయి నేను చేసిన ఒక తప్పుతో మొదలుపెడతాను.

తొమ్మిదో తరగతి గదిలో ఒక అట్టపెట్టె పెట్టేవాణ్ణి. ఏ అనుమానం ఉన్నా పేరు రాయకుండా చీటీ వెయ్యమనేవాణ్ణి. ఎక్కువ చీటీలు పరీక్షల గురించే ఉండేవి. ఒకటీ అరా నా మీసం మీద కూడా వచ్చేవి. ఒకరోజు ఒక చీటీలో ఇలా ఉంది: "మాస్టారూ, గంజాయి ఒక్కసారి తాగితే ఏటవుద్ది?"

నేను గొంతు పెంచి, "ఏమవుతుంది, పిచ్చెక్కి చచ్చిపోతారు" అన్నాను. వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు.

ఆ నవ్వు నాకు అర్థం కావడానికి కొన్ని రోజులు పట్టింది. ఆ పిల్లాడు ఎవరో తెలిసినవాడు తాగడం చూసే ఉంటాడు. ఆ తాగినవాడు మర్నాడు శుభ్రంగా తల దువ్వుకుని, బైకెక్కి కాలేజీకి వెళ్లడం కూడా చూసి ఉంటాడు. మరి మాస్టారు చెప్పింది అబద్ధమే కదా! ఆ ఒక్క మాట అబద్ధమని తేలాక, నేను చెప్పే మిగతావి మాత్రం ఎందుకు నమ్ముతాడు? ఆ తర్వాత చాలాకాలం ఆ పెట్టెలో ఈ విషయం మీద ఒక్క చీటీ పడలేదు.

ఇలా బోల్తాపడింది నేనొక్కణ్ణే కాదు లెండి. అమెరికాలో 1983లో లాస్ ఏంజెలెస్ పోలీసులు 'డేర్' అనే కార్యక్రమం మొదలుపెట్టారు. యూనిఫాంలో ఉన్న పోలీసు క్లాసుకు వచ్చి, మత్తు జోలికి పోవద్దని పాఠం చెప్పేవాడు. అది దేశమంతా పాకింది. తర్వాత పరిశోధకులు లెక్కలు తీస్తే, ఆ పాఠాలు విన్న పిల్లలకూ విననివాళ్లకూ వాడకంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. చివరికి వాళ్లే ఆ పాఠాలు మార్చుకున్నారు. మన దగ్గర మత్తు పదార్థాల వ్యతిరేక దినమని జూన్ 26న ర్యాలీ తీసి, పుర్రె బొమ్మల బ్యానర్లు పట్టుకుని, ప్రతిజ్ఞ చేయించి ఇంటికి పంపేస్తాం. ర్యాలీ తప్పని నేననను. కానీ పిల్లాడి చీటీకి ర్యాలీలో జవాబు దొరకదు.

ఇప్పుడు ఎవరైనా ఆ ప్రశ్న అడిగితే నేనిలా చెబుతున్నాను. "ఒక్కసారికి చాలామందికి పైకి ఏమీ కనిపించకపోవచ్చు. కొందరికి గుండె దడదడలాడుతుంది, ఎవరో వెంటపడుతున్నట్టు భయం పుడుతుంది. ఇంట్లో ఎవరికైనా తీవ్రమైన మానసిక జబ్బు ఉంటే ప్రమాదం ఇంకా ఎక్కువ. నువ్వు ఏ రకమో ముందే చెప్పే పరీక్ష ఏదీ లేదు. పైగా ముందూ వెనకా చూసి ఆగమని చెప్పే మెదడు ముందుభాగం పూర్తిగా తయారయ్యేసరికి నీకు పాతికేళ్లు వస్తాయి. టీనేజీలో గంజాయి మొదలుపెట్టినవాళ్లలో సుమారు ఆరుగురిలో ఒకరు దానికి బానిస అవుతారని అంచనా." ఇంత చెప్పాక ఎవరూ నవ్వరు. ఎదురు ప్రశ్నలు వేస్తారు. నాక్కావలసింది అదే.

మనం గంజాయి గంజాయి అంటూ దాని వెంటే పడి, పిల్లల బ్యాగుల్లోనే ఉన్న ఇంకోదాన్ని వదిలేస్తున్నాం. వైట్‌నర్, థిన్నర్, పంక్చర్లు వేసే సొల్యూషన్. దేశమంతా చేసిన ఒక పెద్ద సర్వేని ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 2019లో బయటపెట్టారు. మత్తు కోసం వాసన పీల్చే అలవాటు పెద్దల్లో 0.58 శాతం ఉంటే, 10 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 1.17 శాతం ఉంది. అంటే రెట్టింపు. పెద్దల కన్నా పిల్లల్లో ఎక్కువగా కనిపించిన మత్తు ఇదొక్కటే. కారణం వెతకనక్కర్లేదు. చవక, కిరాణా కొట్లో దొరుకుతుంది, కొన్నా ఎవరూ అనుమానించరు.

ఇక్కడ తల్లిదండ్రులూ, టీచర్లూ ఒక్క నిమిషం జాగ్రత్తగా వినండి. ఈ ద్రావకాలు పీల్చినప్పుడు గుండె చాలా సున్నితంగా మారుతుంది. సరిగ్గా ఆ సమయంలో పిల్లాడు హడలిపోయినా, పరుగెత్తినా ఒంట్లో అడ్రినలిన్ అనే హార్మోను ఒక్కసారిగా పెరిగి గుండె లయ తప్పవచ్చు. ప్రాణం పోవచ్చు. మొట్టమొదటిసారి పీల్చినవాడికైనా సరే ఇది జరగవచ్చు. అందుకని గోడ వెనక గుడ్డ ముక్క ముక్కు దగ్గర పెట్టుకున్న పిల్లాడు కనబడితే అరవకండి, కర్ర పుచ్చుకుని తరమకండి. నెమ్మదిగా దగ్గరకెళ్లి ఆ గుడ్డ తీసేసి, గాలి ఆడేచోట కూర్చోబెట్టండి. ఊపిరి సరిగా తీసుకోకపోయినా, స్పృహ తప్పుతున్నా 108కి ఫోన్ చెయ్యండి. ఈ సంగతి తెలియని రోజుల్లో నేను కూడా ఇద్దరు పిల్లల్ని గ్రౌండు చుట్టూ తరిమాను. ఇప్పుడు తలుచుకుంటే చేతులు వణుకుతాయి.

మా ప్రాంతానికి ఇంకో గొడవ ఉంది. పైన ఏజెన్సీ, ఆవతల ఒడిశా సరిహద్దు. సరుకు దిగే దార్లలో మా ఊళ్లూ ఉన్నాయి. మా పిల్లలకు "తాగు" అనే మాట కన్నా "ఈ బ్యాగు ఫలానా చోట ఇచ్చెయ్, చాలు" అనే మాట ఎక్కువ ప్రమాదం. ఇంటర్ అయిపోయి ఖాళీగా ఉన్న కుర్రాడికి ఒక్క ప్రయాణానికి కొన్ని వేలు చూపిస్తారు. బ్యాగులో ఏముందో తనకు తెలీదని ఆ తర్వాత అన్నా నిరూపించుకోవడం మహా కష్టం. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం గంజాయి 20 కిలోలు దాటితే కనీస శిక్షే 10 ఏళ్లు, పైగా కనీసం లక్ష రూపాయల జరిమానా. బెయిలు దొరకడం కూడా అంత తేలిక కాదు. సరుకు అసలు యజమాని ఆ బస్సులో ఉండడు. పదో తరగతి లెక్కల క్లాసులో ఒకసారి బోర్డు మీద ఈ లెక్క వేయించాను. ఒక వైపు 5 వేలు, ఇంకో వైపు 10 ఏళ్లు. రోజుకు ఎంత పడిందని అడిగితే, ఒక అమ్మాయి పుస్తకం మూసేసి "రోజుకి రూపాయిన్నర కూడా రాలేదు మాస్టారూ" అంది.

అదే చట్టంలో ఇంకో సెక్షన్ ఉంది, 64ఎ. అలవాటు పడినవాడు వాడకం కేసులోనో, చిన్న మొత్తంలో మత్తు పదార్థం దగ్గర ఉన్న కేసులోనో దొరికినా, తనంతట తాను ముందుకొచ్చి ప్రభుత్వ గుర్తింపు ఉన్నచోట చికిత్స పూర్తిచేసుకుంటే ఆ నేరానికి ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంటుంది. చాలా ఇళ్లలో ఇది తెలీక, పోలీసులు పట్టుకుపోతారనీ, చెల్లికి సంబంధాలు రావనీ పిల్లాణ్ణి గదిలో పెట్టి తాళం వేస్తారు. కాగితం, పెన్సిల్ ఉంటే ఈ నంబర్లు రాసుకోండి. మత్తు నుంచి బయటపడటానికి సలహా కావాలంటే దేశమంతటికీ 14446. గంజాయి అమ్ముతున్నారని సమాచారం ఇవ్వాలంటే ఆంధ్రప్రదేశ్‌లో 1972, తెలంగాణలో 1908.

మరి పిల్లల్ని దూరంగా ఉంచడంలో నెగ్గినవాళ్లే లేరా అంటే, ఉన్నారు. ఐస్‌లాండ్ అనే చిన్న దేశం. జనాభా మన వరంగల్ నగరమంత కూడా ఉండదు. 1998లో అక్కడ 15, 16 ఏళ్ల పిల్లల్లో 42 శాతం మంది, అంతకుముందు నెల రోజుల్లో ఒక్కసారైనా మద్యం తాగి తూలామని చెప్పారు. 2016కల్లా అది 5 శాతానికి దిగింది. అక్కడివాళ్లు సాయంత్రాలు ఖాళీ లేకుండా చేశారు. ఆటలకూ, సంగీతానికీ డబ్బు సాయం చేశారు. రాత్రి పొద్దుపోయాక పిల్లలు పెద్దల తోడు లేకుండా బయట తిరగకూడదన్నారు. తల్లిదండ్రులు ఒకరితో ఒకరు మాట్లాడుకుని ఒకే మాట మీద నిలబడ్డారు. వాళ్ల డబ్బు మనకు లేకపోవచ్చు. కానీ సాయంత్రం అయిదు తర్వాత స్కూలు గ్రౌండు గేటుకు తాళం ఎందుకు వేస్తారో నాకిప్పటికీ అర్థం కాదు.

క్లాసులో నేను చేయించేది ఇంకొకటుంది, చిన్న నాటకం. ఒకడు సిగరెట్టులా సుద్దముక్క చాపుతాడు, "ఏరా, మీ అమ్మకి భయమా?" అంటాడు. రెండోవాడు జవాబు చెప్పాలి. మొదటిసారి ఎవరికీ నోరు పెగలదు. పది రకాలుగా చెప్పించాక మాటలు వాటంతటవే వస్తాయి. "ఔన్రా, భయమే, అయితే ఏటి?" అన్నవాడికి మొన్న క్లాసంతా చప్పట్లు కొట్టింది.

తల్లిదండ్రుల సమావేశంలో మాత్రం ఒక్కటే అడుగుతాను. మీ పిల్లాడు ఎక్కడైనా ఇరుక్కుపోతే, ఏ వేళప్పుడైనా మీకే ఫోన్ చేసేలా మాటివ్వండి. మీరు వెళ్లి తీసుకురండి. ఆ రాత్రి మాత్రం ఏమీ అడక్కండి, తెల్లారాక అడగండి. మొన్న ఒక ఆటో డ్రైవరు చివరిదాకా ఉండి, అందరూ వెళ్లాక నా దగ్గరకొచ్చాడు.

"తీసుకొచ్చేత్తాను మాస్టారూ, ఎంత రాత్రయినా ఎల్తాను. మరి ఇంటిదాకా ఆటోలో అడక్కుండా ఎలాగుండాలి?"

నాకూ తెలీలేదు. "పాటలు పెట్టుకో" అన్నాను.

నమస్కారం.