కారు చుట్టూ ఉన్న ఆ నాలుగడుగులు

నమస్తే అండి. షికాగో పక్కన నేపర్‌విల్ నుంచి మాట్లాడుతున్నాను. పొద్దున ఏడున్నరైంది, బయట మైనస్ ఆరు. ఇదిగో మా డ్రైవ్‌వే, ఇదిగో కారు. కెమెరా కొంచెం కిందికి దించుతాను, ఈ నేల చూడండి. తడిగా ఉన్నట్టుంది కదా? తడి కాదు, ఐస్. బూటు మడమతో ఇలా తడతాను... విన్నారా ఆ చప్పుడు? దీన్నే బ్లాక్ ఐస్ అంటారు. పేరుకి బ్లాక్ గానీ దానికి రంగేమీ ఉండదు. సన్నటి అద్దం పొరలా ఉంటుంది, కింద ఉన్న తారు నలుపే మనకు కనిపిస్తుంది.

పోయిన జనవరిలో సరిగ్గా ఇక్కడే పడ్డాను. ఆ రోజు పొద్దున కారు అద్దం మీద ఐస్ పేరుకుంది. ఆఫీసుకి టైమైపోతోంది, గీకే ఓపిక లేదు. లోపలికెళ్ళి కెటిల్‌తో నీళ్ళు కాచి తెచ్చి అద్దం మీద గుమ్మరించాను. ముందు అదే తప్పు. అంత చలిలో ఉన్న అద్దం మీద మరిగే నీళ్ళు పోస్తే అద్దం పగిలిపోవచ్చు. నాది పగల్లేదు. బ్రహ్మాండంగా కరిగింది అనుకుంటూ వెళ్ళిపోయాను. ఆ నీళ్ళు ఎక్కడికి పోయాయో ఆలోచించలేదు. ఎక్కడికి పోతాయి? బానెట్ మీంచి జారి, డ్రైవర్ డోర్ కింద మడుగు కట్టి, గడ్డకట్టాయి.

సాయంత్రం వచ్చి అదే చోట కారు ఆపాను. ఒక చేతిలో లాప్‌టాప్ బ్యాగు, ఇంకో చేతిలో గ్యాలన్ పాల డబ్బా. ఎడమ కాలు బయట పెట్టి లేవబోయాను. కాలు కారు కిందికి వెళ్ళిపోయింది, మనిషిని వెనక్కి. పాలు ఒలికిపోతాయని ఆ చెయ్యి పైకెత్తి, రెండో చెయ్యి నేలకి ఆనించాను. పాలు దక్కాయి. మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. వీడియో కాల్‌లో అమ్మకి ఆ చెయ్యి కనపడకుండా దాచడానికి పడిన తంటాలు వేరే వీడియో చెయ్యొచ్చు.

అప్పటి నుంచి నాకొకటి అర్థమైంది. మనమందరం రోడ్డు గురించి టెన్షన్ పడతాం. స్నో టైర్లు వేయిస్తాం, బ్రేకు ఎలా తొక్కాలో నేర్చుకుంటాం. కారు ఆగిందంటే ఇంటికి చేరిపోయాం అనుకుంటాం. కానీ కారు చుట్టూ ఉండే ఆ నాలుగడుగుల నేల ఉంది చూశారా, అక్కడ ఐస్ చాలాసార్లు ఆకాశం నుంచి పడదు. మనమూ మన కారూ కలిసి తయారు చేస్తాం.

ఇలా వెనక్కి రండి, సైలెన్సర్ గొట్టం కింద చూడండి. చిన్న తెల్లటి పలకలా ఉంది కదా. ఒక గ్యాలన్ గ్యాస్, అదే పెట్రోలు, మండితే దాదాపు ఒక గ్యాలన్ నీళ్ళు పుడతాయి. ఎక్కువ భాగం ఆవిరిగా పోతుంది. కానీ చల్లటి ఇంజన్‌ని రిమోట్ స్టార్ట్ చేసి పది నిమిషాలు వదిలేస్తే, గొట్టం కూడా చల్లగా ఉంటుంది కాబట్టి కొంత నీరు బొట్టుబొట్టుగా కారుతుంది. రోజూ అదే చోట. మనం డిక్కీ తెరిచి కూరగాయల సంచులు దింపుకునేది కూడా సరిగ్గా అక్కడే నిలబడి.

ఇంకోటి, కారు మీది స్నో బ్రష్‌తో దులిపి డోర్ పక్కనే పడేస్తాం. దాన్ని మనమే తొక్కి తొక్కి గట్టిపరుస్తాం. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో అయితే రెండు కార్ల మధ్యకి స్నో తీసే బండి రాలేదు, అక్కడ పొర మీద పొర. పగలు ఎండకి కాస్త కరుగుతుంది. డిసెంబర్‌లో ఇక్కడ నాలుగున్నర లోపే సూర్యుడు అస్తమిస్తాడు. మీరు ఆరింటికి వచ్చేసరికి చీకట్లో అదంతా మళ్ళీ గడ్డకట్టి ఉంటుంది.

ఫోన్‌లో వాతావరణం చూసేటప్పుడు ‘ఫీల్స్ లైక్’ చూసి మోసపోకండి. ఆ అంకె మన చర్మానికి, గాలికి సంబంధించినది. నీళ్ళు గడ్డకట్టడానికి అసలు ఉష్ణోగ్రతే లెక్క, 32 ఫారెన్‌హీట్, అంటే సున్నా డిగ్రీలు. ఆ సున్నా దగ్గర తడితడిగా ఉండే ఐస్ మీదే కాలు ఇంకా ఎక్కువ జారుతుంది.

ఇప్పుడు దిగడం చూపిస్తాను. ముందు ఫోను జేబులోకి, బ్యాగు సీట్లోనే. సీట్లో మొత్తం పక్కకి తిరగాలి. రెండు కాళ్ళూ కలిపి కింద పెట్టాలి. ఒక్కసారి అటూ ఇటూ రుద్ది చూడాలి, జారుతోందా అని. ఒక చెయ్యి ఈ డోర్ ఫ్రేమ్ మీద. డోర్ మీద కాదు, డోర్ పట్టుకుంటే అది ఊగుతుంది, మనతోపాటే వస్తుంది. అప్పుడు లేవాలి. నిలదొక్కుకున్నాక బ్యాగు భుజాన వేసుకోండి. కూరగాయలు రెండు ట్రిప్పులైనా పర్వాలేదు. చంటిబిడ్డని ఎత్తుకుంటే మన పాదాలు మనకే కనపడవు, అందుకే ముందు దారి బాగుచేసుకుని అప్పుడు బిడ్డని దింపండి.

నడక గురించి ఇక్కడ అందరూ పెంగ్విన్‌లా నడవమంటారు. మనకు పెంగ్విన్ ఎందుకండీ, వానకి నానిన పొలం గట్టు మీద నడిచిన వాళ్ళకి ఇది తెలిసిన విద్యే. చిన్న అడుగులు, పాదం మొత్తం ఆనించడం, చేతులు జేబుల్లో పెట్టకుండా కాస్త దూరంగా ఉంచడం. ఎక్కేటప్పుడు బూట్ల అడుగున స్నో దులిపేయండి, లేకపోతే బ్రేకు పెడల్ మీద కాలు జారుతుంది.

ఉప్పు సంగతి. మామూలు రాక్ సాల్ట్ సుమారు మైనస్ తొమ్మిది దాకా బాగానే పనిచేస్తుంది, ఆ కిందికి పోతే నత్తనడకే. అప్పుడు కాల్షియం క్లోరైడ్ అని ఉన్న సంచి కొనుక్కోండి. అదీ లేకపోతే ఇసుక. ఇసుక కరిగించదు గానీ కాలికి పట్టు దొరుకుతుంది.

మాకంత చలి ఉండదులే అని టెక్సస్‌లోని డాలస్ వాళ్ళు నవ్వకండి. 2021 ఫిబ్రవరి 11న మీ పక్కనే ఉన్న ఫోర్ట్‌వర్త్‌లో 130కి పైగా వాహనాలు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి, ఆరుగురు చనిపోయారు. దానికి కారణం మోకాలి లోతు స్నో కాదు, సన్నటి వాన పడుతూనే గడ్డకట్టడం. అలాంటి రోజు మీ పార్కింగూ అంతే ఉంటుంది, అక్కడ చాలా ఇళ్ళలో పార కూడా ఉండదు.

నాకు ఎక్కువ భయం మాత్రం సంక్రాంతి రోజు గుడి పార్కింగే. పట్టుచీర కుచ్చిళ్ళు, నున్నటి చెప్పులు, చేతిలో ప్రసాదం గిన్నె. ఎలాగూ గుమ్మం దగ్గర విప్పేవే కదా, బూట్లు వేసుకుని రండి. చీర మీద బూట్లేంటని ఎవరూ అడగరు. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళని తలుపు దగ్గరే దింపండి, అది కూడా ఉప్పు చల్లిన చోట. రక్తం పల్చబడే మందు వాడేవాళ్ళు పడి తలకి దెబ్బ తగిలితే, ‘నాకేం కాలేదులే’ అన్నా సరే, ఇన్సూరెన్స్ లెక్కలు తర్వాత చూసుకుని ముందు హాస్పిటల్‌కి తీసుకెళ్ళండి.

వచ్చే శనివారం మా అమ్మే దిగుతోంది. హవాయి చెప్పులు చాలవా అని నిన్న ఫోన్‌లో అడిగింది. ఆమె సైజు బూట్లు కొని గరాజ్‌లో పెట్టాను. ఇప్పుడు ఈ కెమెరా పక్కన పెట్టి, ఆమె దిగబోయే వైపు ఐస్ కొట్టాలి.