మూడు గంటల ఎండను రాయడం

అందరికీ నమస్కారం.

కావ్యంలో ఉండవలసిన పద్దెనిమిది వర్ణనల పట్టీ ఒకటి మన లాక్షణికులు ఇచ్చారు. అందులో సూర్యోదయం ఉంది, చంద్రోదయం ఉంది. ఋతువులు, ఉద్యానాలు, జలక్రీడలు ఉన్నాయి. మధ్యాహ్నం మాత్రం లేదు. ఇవాళ్టి కథల్లోనూ ఉదయానికి, వెన్నెలకు దక్కే శ్రద్ధ మధ్యాహ్నానికి దక్కడం లేదు. ‘ఎండ నిప్పులు చెరుగుతోంది’ అని ఒక వాక్యం వేసి, పాత్రను ఇంట్లోకి తీసుకుపోతున్నాం.

పట్టీలో లేకపోయినా పెద్దన దాన్ని వదల్లేదు. మనుచరిత్రలో ప్రవరుడు హిమాలయం మీద వింతలు చూస్తూ, మిగతావి రేపు వచ్చి చూద్దాం అనుకుంటాడు. మధ్యాహ్నమైందని అతనికి ఎలా తెలిసింది? ఎండకు కాగిన సూర్యకాంత శిలల మీద మంచు కరిగి పడుతూ చుయ్యిమంటోంది. ఆ చప్పుడు మళ్లీ మళ్లీ వినిపించి మధ్యాహ్నాన్ని తెలుపుతోంది. పెద్దన ఎండను చెవికి వినిపించాడు. పైగా ఆ వేళకు కథలో పని ఉంది. నిత్యకర్మలు తప్పని గృహస్థు ఇల్లు చేరవలసిన సమయం అది. మధ్యాహ్నాన్ని రాయాలనుకునేవారు ఈ ఒక్క పద్యం దగ్గర చాలాసేపు కూర్చోవచ్చు.

రాసే ముందు తేల్చుకోవలసినవి మూడు: ఏ నెల, ఎన్ని గంటలు, ఇల్లు ఎటు తిరిగి ఉంది. ఇవి కథలో చెప్పనక్కర్లేదు, రాసేవారికి తెలిస్తే చాలు. తెలియకపోతే ఏమవుతుందో చూడండి. హైదరాబాదులో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చేది ఏడాదికి రెండు రోజులే, ఒకటి మే రెండో వారంలో, ఇంకొకటి ఆగస్టు మొదటి వారంలో. ఈ రెంటి మధ్య మిట్టమధ్యాహ్నం సూర్యుడు మనకు ఉత్తరాన ఉంటాడు. జూన్ నెల మిట్టమధ్యాహ్నం దక్షిణపు కిటికీలోంచి ఎండ పడిందని రాస్తే అది జరగని పని. అదే కిటికీలోంచి డిసెంబరులో ఎండ గది మధ్యదాకా వస్తుంది, ఎందుకంటే ఆ నెల చివర మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 50 డిగ్రీల ఎత్తు దాటడు.

గడియారం పన్నెండు కొట్టినంత మాత్రాన మిట్టమధ్యాహ్నం కాదు. మన కాలమానానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడ దగ్గరగా పోతుంది. మే నెల మధ్యలో విశాఖలో పొద్దు నడిమికి వచ్చేది 11:53 ప్రాంతంలో, హైదరాబాదులో 12:12 ప్రాంతంలో. ఇరవై నిమిషాల తేడా కథకు అక్కర్లేకపోవచ్చు. నీడలో తేడా మాత్రం అక్కరకొస్తుంది. హైదరాబాదులో మే నెల నాలుగు గంటలకు 5 అడుగుల మనిషి నీడ సుమారు 7 అడుగులు. డిసెంబరు చివర అదే నాలుగింటికి 12 అడుగుల పైనే. మే నెల మూడు గంటలకు నీడ ఇంకా మనిషి కంటే పొట్టిగానే ఉంటుంది. ‘వేసవి మధ్యాహ్నం, పొడుగాటి నీడలు’ అని రాసేవారు ఈ లెక్క ఒకసారి చూసుకోవాలి.

ఇప్పుడు ఎండపొడ సంగతి. ఈ మాట ఎంత మంచిదో, దాన్ని ఎంత తక్కువ వాడుతున్నామో అనిపిస్తుంది. పెంకుటింట్లో వెలుతురు కోసం కప్పులో ఒక గాజు పెంకు పెడతారు. దాంట్లోంచి గచ్చు మీద పడే ఎండపొడ కథకుడి చేతిలో గడియారం. పొద్దు పడమటికి వాలేకొద్దీ అది తూర్పుకు జరుగుతుంది. గాజు పెంకు 10 అడుగుల ఎత్తున ఉందనుకుంటే, మే నెలలో పొద్దు తిరిగిన మొదటి గంటలో ఎండపొడ దాదాపు రెండున్నర అడుగులు జరుగుతుంది, రెండో గంటలో మూడు, మూడో గంటలో నాలుగు దాకా. అంటే పొద్దు దిగేకొద్దీ వేగం పెరుగుతుంది. ఇద్దరి మధ్య పావుగంట మాటలు రాసి, ఈలోగా ఎండపొడ గది దాటిపోయిందంటే పాఠకుడు లెక్క వేయడు గానీ ఎక్కడో నమ్మకం సడలుతుంది. పావుగంటకు అది జానెడు, మహా అయితే అడుగు జరుగుతుంది. ఎండపొడ నడుస్తూ నడుస్తూ తూర్పుగోడ ఎక్కుతుంది. గోడ ఎక్కే ఆ మలుపు సన్నివేశం తిరగడానికి అనువైన చోటు. ‘కాసేపటి తర్వాత’ అని రాయనక్కర్లేదు.

ఎండవాలులో ఎగిరే ధూళికి కూడా మనకు పేరుంది. జాలకంలోంచి పడే ఎండలో కనిపించే రేణువును త్రసరేణువు అన్నారు. పాత కొలతల్లో అదే మొదటిది. అది కనబడాలంటే వెనక చీకటి ఉండాలి, వెలుగు పక్కనుంచి సన్నగా రావాలి. తలుపులన్నీ బార్లా తెరిచిన గదిలో త్రసరేణువులు తేలుతున్నాయంటే కుదరదు. ఒక తలుపు మూయించండి.

రంగు విషయంలోనే ఎక్కువ తప్పులు. మే నెల రెండు గంటలకు ‘బంగారు ఎండ’ ఉండదు. అప్పటిది తెల్లటి ఎండ, రంగుల్ని మింగేసే ఎండ. ఎర్రచీర కూడా వెలిసినట్టు కనబడుతుంది. సూర్యుడు కిందికి దిగేకొద్దీ వెలుగు ఎక్కువ గాలి పొర దాటి రావాలి. 30 డిగ్రీల ఎత్తులో ఆ దూరం రెట్టింపు, 10 డిగ్రీల ఎత్తులో ఐదున్నర రెట్లు. దారిలో నీలం చెదిరిపోయి పసుపు, ఎరుపు మిగులుతాయి. అందుకని బంగారాన్ని వేసవిలో ఐదున్నర దాటేదాకా దాచుకోండి. చలికాలం అయితే నాలుగున్నర దాటాక వాడొచ్చు. అప్పటికి ‘నీరెండ’ అనే మాట ఉండనే ఉంది. ‘ఇంకా బారెడు పొద్దుంది’ అనే పలుకుబడి ఉంది. పొద్దును చేతులతో కొలిచే భాష మనది.

వేడి వెలుగుతో పాటు తగ్గదు. మిట్టమధ్యాహ్నం కంటే మూడు గంటల ప్రాంతంలోనే వేడి ఎక్కువ, నేల అప్పటికీ కాగుతూనే ఉంటుంది కాబట్టి. పడమటి గోడ రాత్రి తొమ్మిదింటికి కూడా చేతికి వెచ్చగా తగులుతుంది. కోస్తాలో మధ్యాహ్నం సముద్రపు గాలి తిరుగుతుంది. పడమటి గాలి బలంగా ఉండి అది తిరగని రోజున ఊరంతా దాని కోసం ఎదురుచూస్తుంది. అలాంటి రోజు ఒక కథకు సరిపడా బిగువు ఇస్తుంది. ఎండ తగిలిన చోట్లను వేరుచేసి చూడండి. షాబాదు బండలు అరికాలిని కాలుస్తాయి. రేకుల కప్పు టక్కుటక్కుమంటుంది. కుండ చెమ్మగిల్లుతుంది. సైకిలు సీటు, బోరింగు పిడి, తాళంకప్ప, వీటిలో చేయి ముందుగా దేన్ని తాకుతుందో చూడండి.

అన్నిటికంటే ముఖ్యం, ఎండ ఎవరిది అన్నది. ఎండంటే కష్టం, వెన్నెలంటే హాయి అనే లెక్క నీడపట్టున కూర్చుని రాసేవారిది. డాబా మీద వడియాలు పెట్టినావిడకు ఎండ గట్టిగా కాస్తే సంతోషం, మబ్బు పడితే గుండెల్లో రాయి. పాతచీర వెనక నీళ్లు చిలకరించి ఎండిన వడియాలు ఊడదీసే ఆమెకు ‘మాడు పగిలే ఎండ’ అనే మాట తోచదు. కలుపు తీసే మనిషి ఎండను చూడదు, వీపు మీద మోస్తుంది. ఆమె చూపంతా తన నీడ పడిన మొక్క మీదే ఉంటుంది.

ఇక ఒక చిన్న సాధన. మామూలుగా రాసేది ఇలా ఉంటుంది:

‘మధ్యాహ్నపు ఎండ మండిపోతోంది. సూర్యుడు తన ప్రతాపం చూపిస్తున్నాడు. ఉత్తరం చదువుతున్న లక్ష్మి మనసు కూడా అలాగే భగభగమంటోంది.’

ఇందులో మూడు పొరపాట్లు ఉన్నాయి. రెండు వాక్యాలు ఒకే సంగతి చెబుతున్నాయి. సూర్యుడికి పని ఉంది, ఎండ పడిన వస్తువు లేదు. మూడో వాక్యం మనసుకీ ఎండకీ ముడిపెట్టి పాఠకుడికి పని లేకుండా చేసింది. లక్ష్మిని పడమటి అరుగు మీద కూర్చోబెట్టి, నెల మే, సమయం మూడు దాటిందని మనసులో పెట్టుకుని మళ్లీ రాద్దాం:

‘అరుగు మీద నీడ గడప దాకా వెనక్కి తగ్గింది. లక్ష్మి పీటను రెండుసార్లు జరుపుకుంది. మూడోసారి జరపలేదు. ఉత్తరం రెండో పుట తిప్పింది. మట్టె కాలిందేమో, వేలు ముడుచుకుంది.’

ఎండ అనే మాటే లేదు. పీట రెండుసార్లు జరగడంలో గంటసేపు గడిచింది. మూడోసారి జరపకపోవడంలో ఉత్తరం ఉంది. మొదటిసారి రాసేటప్పుడు మట్టె తోచకపోవచ్చు, ఫరవాలేదు. రాసింది పక్కన పెట్టి, అరుగు మీద కూర్చున్న మనిషి ఒంటి మీద లోహం ఎక్కడుంది, బట్ట లేని చోటు ఎక్కడుంది అని అడుగుతూ పోతే దొరుకుతుంది. ఇప్పుడు కాగితాలు తీయండి. ఇదే లక్ష్మి, ఇదే ఉత్తరం, నెల డిసెంబరు. ఆ ఎండ లోపలికి ఇంకా ఎక్కువ దూరం వస్తుంది, ఒంటికి హితంగా ఉంటుంది. ఆమె పీటను ఎటు జరుపుకుంటుందో రాయండి.