రాపా నుయి: సముద్రానికి వీపు తిప్పి నిలిచిన విగ్రహాలు

(దృశ్యం: ఆకాశం నుంచి కనిపించే త్రికోణాకారపు ద్వీపం)

చిలీ తీరానికి పడమరగా దాదాపు 3,500 కిలోమీటర్ల దూరంలో, పసిఫిక్ మహాసముద్రం నడుమ ఉన్న ఈ ద్వీపం విస్తీర్ణం 163 చదరపు కిలోమీటర్లు మాత్రమే. 1722లో డచ్చి నావికుడు యాకోబ్ రోహెవీన్ ఈస్టర్ పండుగ నాడు ఇక్కడికి చేరాడు కనుక లోకం దీన్ని ఈస్టర్ ద్వీపం అంటోంది. ఇక్కడివారు మాత్రం తమ నేలనూ, జాతినీ, భాషనూ రాపా నుయి అనే పిలుచుకుంటారు. మూడు అగ్నిపర్వతాల లావా కలిసి ఏర్పడిన నేల ఇది. ఇక్కడి శిల్పమూ ఆచారమూ ఆ రాతిలోంచి పుట్టినవే.

(దృశ్యం: రానో రరాకు వాలు)

నా దృష్టిలో ముందుగా చూడవలసినది తీరాన వరుసగా నిలబెట్టిన విగ్రహాలను కాదు, అవి పుట్టిన రానో రరాకు గనిని. ద్వీపంలోని ఇంచుమించు వెయ్యి మోయాయ్ విగ్రహాల్లో అత్యధిక భాగాన్ని, గట్టిపడిన అగ్నిపర్వతపు బూడిదతో ఏర్పడిన ఈ కొండ రాతిలోనే చెక్కారు. ముఖమూ పొట్టా ముందుగా తీర్చి, వీపు కింద సన్నని రాతి పట్టీ మాత్రం మిగిల్చి, చివరకు దాన్నీ తెగ్గొట్టి వాలు మీదుగా దించేవారు. దాదాపు 400 విగ్రహాలు ఇంకా ఇక్కడే ఉన్నాయి. వాటిలో ఒకటి 21 మీటర్ల పొడవున, కొండను వదలకుండా వెల్లకిలా పడుకునే ఉంది. తలలు మాత్రమే కనబడే విగ్రహాలకు కూడా మట్టి కింద పూర్తి శరీరం ఉంది.

విగ్రహాలు నడిచి వెళ్లాయని స్థానికుల ఐతిహ్యం. తాళ్లు కట్టి, ఇంట్లో బీరువాను ఒక మూల తర్వాత మరో మూల మీద తిప్పుతూ జరిపినట్టు, నమూనా విగ్రహాన్ని నడిపించవచ్చని పరిశోధకులు ప్రయోగం చేసి చూపారు.

(దృశ్యం: టోంగారికి, సూర్యోదయం)

టోంగారికి వేదిక మీద 15 విగ్రహాలు సముద్రానికి వీపు తిప్పి నిలిచాయి. అవి గతించిన పెద్దల ప్రతిరూపాలు. తమ సంతతిని కనిపెట్టి ఉండాలి కనుక దాదాపు అన్నీ ద్వీపం లోపలి వైపే చూస్తాయి. 1960 నాటి చిలీ భూకంపం రేపిన సునామీ ఈ వేదికను చెల్లాచెదురు చేసింది. 1990లలో జపాన్ క్రేన్‌తో వాటిని తిరిగి నిలబెట్టారు.

ఇక రొంగొరొంగొ లిపి సంగతి. కొయ్య పలకల మీది ఈ గుర్తులకూ సింధు లిపికీ చుట్టరికం ఉందని 1930లలో ఒక వాదం బయలుదేరింది కానీ, పండితుల ముందు అది నిలవలేదు. 1862లో మొదలైన పెరూ బానిస వ్యాపారుల దాడులూ, వెంట వచ్చిన మశూచీ ఆ లిపి తెలిసినవారిని మింగేశాయి. 1877 నాటికి మిగిలిన జనం 111 మందే.

(దృశ్యం: రానో కావు బిలం, ఒరొంగొ)

రానో కావు అగ్నిపర్వత బిలంలోని మంచినీటి కొలనులో తొటొరా తుంగ పెరుగుతుంది. ఆ బిలం అంచున, కొండచరియ మీద ఉన్న ఒరొంగొలో, 1860ల వరకూ ఏటా ఒక పోటీ జరిగేది. నాయకుల తరఫున యువకులు చరియ దిగి, తుంగ కట్టను ఆసరా చేసుకుని, సొరచేపలు తిరిగే నీటిని ఈది మోటు నుయి దీవికి చేరి, సముద్రపు పక్షి పెట్టే తొలి గుడ్డు కోసం రోజుల తరబడి కాచుకునేవారు. దొరికిన గుడ్డును నుదుటికి కట్టుకుని, పగలకుండా తిరిగి ఈది, అదే చరియ ఎక్కాలి. ఆ గుడ్డును అందుకున్న నాయకుడు ఏడాది పాటు 'పక్షి మనిషి' అయ్యేవాడు. పక్షి తల, మనిషి దేహం కలిసిన అతని రూపాలు మోటు నుయి వైపు చూసే ఒరొంగొ బండల మీద ఇప్పటికీ ఉన్నాయి.