నిలబడి పనిచేసే బండి

(రహదారి భద్రతా మాసోత్సవాల సందర్భంగా శ్రీకాకుళంలో ఐ.టి.ఐ. విద్యార్థుల ఎదుట ఒక విశ్రాంత పోలీసు డ్రైవరు చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, అధ్యాపకులకు, డీజిల్ మెకానిక్, మోటారు మెకానిక్ విద్యార్థులకు నమస్కారం. అందరినీ పేరుపేరునా పలకరించడం మర్యాదే గాని, భోజనాల వేళ దగ్గరపడుతున్నందున నేరుగా విషయంలోకి వస్తున్నాను. నాకిచ్చిన అంశం “పోలీసు వాహనాలలోని ప్రత్యేక ఏర్పాట్లు”. ఉద్యోగ జీవితమంతా ఆ బళ్ళ స్టీరింగు వెనుకే గడిపాను కనుక ఈ మాటలు చెప్పే బాధ్యత నా మీద పెట్టారు.

పోలీసు బండి అనగానే మీకు వేగం గుర్తుకు వస్తుంది. నిజానికి ఆ బండి ఎక్కువ కాలం నిలబడే ఉంటుంది. చిలకపాలెం దగ్గరో, నరసన్నపేట దగ్గరో 16వ నంబరు జాతీయ రహదారి పక్కన ఇంజను ఆపకుండా, పైన లైటు వెలుగుతూ, లోపల వైర్‌లెస్ సెట్టు పలుకుతూ గంటల తరబడి కాపు కాయడమే దాని అసలు ఉద్యోగం. మామూలు కారును అది నడుస్తుందన్న లెక్కతో తయారు చేస్తారు. పోలీసు కారు నడవడంతో పాటు నిలబడాలి కూడా. తేడాలలో ముఖ్యమైనవి అక్కడే పుట్టాయి.

విద్యార్థులారా, మీకు తెలిసిన సంగతే అడుగుతున్నాను. బండి ఐడ్లింగులో, అంటే కదలకుండా ఇంజను మాత్రం తిరుగుతూ ఉన్నప్పుడు, ఇంజను బలంతో కరెంటు పుట్టించే ఆల్టర్నేటరు ఎంత కరెంటు ఇస్తుంది? రోడ్డు మీద పరుగెత్తేటప్పుడు ఇచ్చే దానిలో కొంత భాగమే. పోలీసు బండిలో వాడకం ఎక్కువగా ఉండేది సరిగ్గా ఆ సమయంలోనే. 100 వాట్ల సైరను 12 వోల్టుల బ్యాటరీ నుంచి 8 ఆంపియర్లకు పైగా లాగుతుంది; దానికి లైట్లు, సెట్టు, ఫ్యాను తోడు. అందుకే అమెరికాలో ఫోర్డ్ కంపెనీ పోలీసుల కోసం 2011 వరకు తయారు చేసిన క్రౌన్ విక్టోరియా కారులో 200 ఆంపియర్ల ఆల్టర్నేటరు పెట్టింది. నిలబడిన బండికి ఎదురుగాలి తగలదు కనుక ఇంజను ఆయిలుకు, గేరుబాక్సు ఆయిలుకు విడిగా కూలర్లు అమర్చింది. బరువు మోయడానికి గట్టి స్ప్రింగులు, పదేపదే గట్టిగా తొక్కినా పట్టు సడలని బ్రేకులు సరేసరి. వెనుక తలుపులు లోపలి నుంచి తెరుచుకోకపోవడం నిందితుల కోసమని అందరికీ తెలుసు. రాత్రిపూట తలుపు తీసినా లోపలి బల్బు వెలగకుండా చేసే ఏర్పాటు మాత్రం కానిస్టేబులు కోసం: చీకట్లో దాగినవాడికి దిగేవాడి ముఖం కనబడకూడదు.

వీటన్నిటిలోకీ నాకు అసూయ కలిగించినది ఒక చిన్న మీటరు. ఇంజను ఎన్ని గంటలు తిరిగిందో, అందులో ఎన్ని గంటలు నిలబడి తిరిగిందో ఆ బళ్ళు చూపిస్తాయి. ఒక గంట ఐడ్లింగు సుమారు 53 కిలోమీటర్ల నడకతో సమానమని ఫోర్డ్ లెక్క కట్టి, దాని ప్రకారం ఆయిలు మార్చమంటుంది. నేను నడిపిన బళ్ళు మాత్రం మామూలు బళ్ళే. పైన లైటు, ముందు సైరను, లోపల సెట్టు బిగించి పోలీసు బండి అనిపించారు. లాగ్‌బుక్కులో కిలోమీటర్లకు గడి ఉంది, డీజిలుకు గడి ఉంది, నిలబడిన గంటలకు గడి లేదు.

ఆ గడి లేకపోతే ఏమవుతుందో చెబుతాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస చెట్లు రోడ్ల మీదే పడుకున్నాయి. కరెంటు లేదు, సెల్‌ఫోను పలకదు. సోంపేట వైపు ఒక కూడలిలో నా బండి ముందుకూ వెనక్కూ కదలలేని స్థితిలో ఆగిపోయింది. కాని సెట్టు పనిచేస్తోంది. ఏ ఊరికి మంచినీళ్ళు కావాలో, ఎక్కడ పురిటి నొప్పులు వస్తున్నాయో, ఏ చెట్టుకు రంపం కావాలో అన్నీ ఆ సెట్టు మీదుగానే వెళ్ళాయి. బ్యాటరీ దిగిపోకుండా ఇంజను ఆడిస్తూనే ఉండాలి. వేగం కొంచెం పెంచితే తప్ప ఆల్టర్నేటరు సరిపోదు. కాలు తిమ్మిరెక్కితే ఆక్సిలరేటరు మీద ఇటుక ముక్క పెట్టి, బానెట్ ఎత్తి, ఉష్ణోగ్రత ముల్లును చూస్తూ కూర్చున్నాను.

తరువాత తనిఖీకి వచ్చిన ఒక అధికారి లాగ్‌బుక్కు చూసి, “ఏమయ్యా, బండి కదలకుండానే డీజిల్ తాగిందా?” అని అడిగారు. “తాగింది సార్” అన్నాను. “ఏ గడిలో వ్రాశావు?” అన్నారు. నా దగ్గర సమాధానం లేదు, ఎందుకంటే ఆ గడే లేదు. సంజాయిషీ వ్రాసి ఇచ్చాను. ఆయన మీద నాకు కోపం లేదు, ఆయన పుస్తకంలో ఉన్నదే చదివారు. ఆ బండికి మాత్రం కిలోమీటర్లు నిండలేదని ఆయిలు మార్చలేదు. కొంతకాలానికి ఇంజనులోకి గాలిని నెట్టే టర్బో పోయింది. దానికి కూడా డ్రైవరునే అడిగారు.

సభాధ్యక్షులు గడియారం చూస్తున్నారు. రెండు విన్నపాలు చేసి ముగిస్తాను. మొదటిది విద్యార్థులకు. రేపు మీరు షెడ్డు పెట్టుకుంటే, పలుకుబడి ఉన్నవారెవరో సొంత కారు తెచ్చి పోలీసు సైరను బిగించమంటారు. బిగించవద్దు. ఆ సైరన్లు పోలీసులు, అంబులెన్సు, అగ్నిమాపక దళం వంటి వారికే నిబంధనలు అనుమతిస్తాయి. 2017 మే 1 నుంచి మంత్రుల కార్ల మీది ఎర్రబుగ్గలే దిగిపోయాయి. ప్రతివాడూ మోగిస్తే నిజమైన అంబులెన్సుకు ఎవరూ పక్కకు తప్పుకోరు. తప్పుకోనివారికి చట్టం 10,000 రూపాయల జరిమానా చెబుతున్నా సరే.

రెండవది ఇక్కడున్న అధికారులకు. నిలబడే బళ్ళకు గంటల మీటరు బిగించడం మన డీజిల్ మెకానిక్ కుర్రవాళ్ళు ఒక్క పూటలో చేయగల పని. ట్రాక్టర్లకూ జనరేటర్లకూ ఆ మీటర్లు ఎప్పటి నుంచో ఉన్నాయి, సర్వీసింగూ గంటల లెక్కనే చేస్తారు. అంతవరకు లాగ్‌బుక్కులో స్కేలు పెట్టి ఒక గీత గీయండి చాలు. ఎక్కడ ఎన్ని గంటలు నిలబడ్డామో మా డ్రైవర్లు వ్రాసుకుంటారు.