మందు కొట్టని సాలు: హేతుబద్ధంగా ఆలోచించడానికి ఏం తెలిసి ఉండాలి?

[దృశ్యం: గుంటూరు శివారులో పూత మీదున్న మిరప చేను]

వ్యాఖ్యానం: 2021–22 పంటకాలంలో గుంటూరు ప్రాంతపు మిరప చేలను నల్ల తామరపురుగు ముంచెత్తింది. పూలలో చేరి రసం పీల్చే ఆ పురుగును అదుపు చేయలేక రైతులు ఒకదాని తరువాత ఒకటిగా మందులు మార్చి పిచికారీ చేశారు. అలాంటి రోజుల్లో ఒక రైతు కొత్త మందు కొట్టాడనీ, వారం తిరిగేసరికి పురుగు తగ్గిందనీ అనుకుందాం. మందు పనిచేసిందని ఆయన నమ్ముతాడు. ఆ మాట విని పక్క చేను రైతు కూడా అదే డబ్బా తెచ్చుకుంటాడు. ఈ నమ్మకం నిలుస్తుందో లేదో తేల్చాలంటే ఏమేమి తెలిసి ఉండాలి?

హేతుబద్ధమైన ఆలోచన అనగానే కొందరు తర్కదోషాల జాబితా ఒకటి చేతికిస్తారు. నా దృష్టిలో అన్నింటికంటే తక్కువ ఉపయోగపడేది ఆ జాబితాయే, ఎందుకంటే దానిని కంఠస్థం చేసినవారు ఎదుటివారి మాటను ఖండించడానికి వాడినంతగా తమ మాటను పరీక్షించుకోవడానికి వాడరు.

[తెరపై: రెండు అడ్డు వరుసలు, రెండు నిలువు వరుసలు ఉన్న పట్టిక]

మొదట కావలసింది లెక్క. మందు కొట్టిన 50 ఎకరాలలో 40 ఎకరాల్లో పురుగు తగ్గిందని ఊహించుకుంటే, ఆ మందు గొప్పదనిపిస్తుంది. అయితే కొట్టని 50 ఎకరాలలో కూడా 39 ఎకరాల్లో తగ్గి ఉంటే? రెండో వరుస చూడకుండా మొదటి వరుసకు అర్థం లేదు. పైగా రైతు మందు కొట్టేది పురుగు ఉధృతంగా ఉన్నప్పుడే కాబట్టి, ఆ స్థితి నుంచి కొంత తగ్గడం మందు లేకపోయినా తరచుగా జరుగుతుంది. కాకి వాలడమూ తాటిపండు రాలడమూ ఒకే క్షణంలో జరిగితే దానికి మనవాళ్లు కాకతాళీయమని పేరే పెట్టారు. పేరు తెలిసినా, ఆ రోజు కాకి వాలని చెట్ల కింద ఎన్ని పండ్లు రాలాయో లెక్కపెట్టే అలవాటు మాత్రం అరుదు.

రెండోది, ప్రాచీన భారతీయ తర్కమైన న్యాయదర్శనాన్ని అనుసరించిన నైయాయికులు 'ఉపాధి' అని పిలిచిన భావన. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుందనడం సరైన అనుమానం, అంటే కనిపించినదాన్ని బట్టి కనిపించనిదాన్ని ఊహించడం. నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందనడం తప్పు, ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పు ఉన్నా పొగ ఉండదు. పొగ రావాలంటే తడి కట్టె కూడా కావాలి. మన కంటికి ఆనకుండా మధ్యలో ఉన్న ఆ తడి కట్టెయే ఉపాధి. మన రైతు చేనులో తడి కట్టె ఏది? ఆ వారం పడిన వాన కావచ్చు. పొడి వాతావరణంలో పెరిగే తామరపురుగు గట్టి వానకు కొట్టుకుపోతుంది. అయితే ఈ సంగతి చెప్పింది తర్కం కాదు, పురుగు గురించిన జ్ఞానం. తర్కం 'మధ్యలో ఇంకేదైనా ఉందా' అని అడగగలదు గాని, వాన పేరు చెప్పలేదు. తెలియని రంగంలో ఎంతటి బుద్ధిమంతుడైనా తడబడేది ఇక్కడే.

[దృశ్యం: సమానంగా విభజించిన ప్రయోగ మడులు]

మూడోది, లెక్క సరిగా వచ్చేటట్లు ప్రయోగాన్ని అమర్చడం. ఈ విద్య చాలావరకు పొలంలోనే పుట్టింది. 1919లో ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో చేరిన గణాంకశాస్త్రవేత్త రొనాల్డ్ ఫిషర్, ఏ మడికి ఏ ఎరువు వేయాలో చీటీలు తీసినట్లు యాదృచ్ఛికంగా నిర్ణయించాలని చెప్పాడు. లేకపోతే సారవంతమైన మడి గొప్పతనాన్ని ఎరువు ఖాతాలో రాసుకుంటాం.

విజయవాడ పటమటలోని నాస్తిక కేంద్రం చేసి చూపించిన నిప్పుల నడక కూడా ఇదే కోవలోకి వస్తుంది. నాస్తికవాది గోరా 1940లో ముదునూరులో స్థాపించిన ఆ కేంద్రం 1947లో విజయవాడకు తరలింది. మొక్కు లేనివారు కూడా కాళ్లు కాలకుండా నడిచారంటే, మొక్కు ఉన్నవారి నడకకు మొక్కే కారణమని చెప్పడం కష్టమవుతుంది. బొగ్గు వేడిని నెమ్మదిగా అందిస్తుంది, పాదం క్షణమే ఆనుతుంది.

ఇవన్నీ తెలిసినా మనసు అడ్డుపడుతుంది. 1960లో మనస్తత్వవేత్త పీటర్ వేసన్ 2, 4, 6 అనే అంకెలిచ్చి, వాటి వెనుకనున్న నియమాన్ని కనిపెట్టమన్నాడు. తాము అనుకున్న మూడేసి అంకెలు ఆ నియమానికి సరిపోతాయో లేదో ఆయన్ని అడిగి తెలుసుకోవచ్చు. చాలామంది రెండేసి పెరుగుతాయని ఊహించి 8, 10, 12 వంటివే అడిగారు. అసలు నియమం, అంకెలు ఆరోహణ క్రమంలో ఉండాలన్నది మాత్రమే. 3, 7, 50 అని ఒక్కసారి అడిగి ఉంటే తమ ఊహ అక్కడే కూలిపోయేది.

[దృశ్యం: మళ్లీ మిరప చేను]

రైతుకు 3, 7, 50 అంటే మందు కొట్టకుండా వదిలిన నాలుగు సాళ్లు. అప్పు తెచ్చి పెట్టుబడి పెట్టిన కౌలు రైతును ఆ నాలుగు సాళ్లూ పురుగుకు వదిలేయమనడం తేలికైన మాట కాదు. ఆ నష్టాన్ని రైతు బదులు పరిశోధన కేంద్రాల ప్రయోగ మడులు భరిస్తాయి. గుంటూరు పక్కనే లాం వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది. దుకాణంలో కొత్త డబ్బా చేతికి తీసుకున్న రైతు, మందు కొట్టని మడిలో పురుగు ఎంత తగ్గిందని అక్కడికి వెళ్లి అడగవచ్చు.