అటక మీది హంటర్

శ్రోతలకు నమస్కారం.

2022 డిసెంబరు 29న కొరిశపాడు దగ్గర హైవే మీద వైమానిక దళం యుద్ధ విమానాలు పరీక్షగా నేలకు బాగా దగ్గరికొచ్చి వెళ్లాయి. ఒంగోలు నుంచి వెళ్లి నేనూ చూశాను. ఆ మోత చెవుల్లో ఉండగానే ఇంటికొచ్చి అటకెక్కాను. అన్నయ్య చిన్నప్పుడు కట్టిన ప్లాస్టిక్ హంటర్ విమానం బొమ్మ అక్కడే ఉండాలి.

ఉంది. ఒక రెక్క ఊడింది, ఒక చక్రం కాలు లేదు, తోక పక్కకు వాలి అతుక్కుని ఉంది. హంటర్ అంటే మన దళంలో 1957లో చేరి, 1971 డిసెంబరులో రాజస్థాన్‌లోని లోంగేవాలా ఇసుకలో పాకిస్తాన్ ట్యాంకులను చీల్చిన విమానం. అసలుదానికి రెక్కల కొస నుంచి కొసకు 10.26 మీటర్లు. ఈ బొమ్మ అందులో 72వ వంతు, జానెడు కూడా లేదు.

ముక్కలు అతికించి బొమ్మ కట్టే ఈ కిట్లకు వాడే గమ్ము పైపైన అంటించేది కాదు, పాలిస్టైరీన్ ప్లాస్టిక్‌ను కరిగించి రెండు ముక్కల్ని ఒకటి చేస్తుంది. అందుకే పాత అతుకును మెలితిప్పకూడదు, పక్క ప్లాస్టిక్ చిట్లిపోతుంది. నేను కవర్లో చుట్టి రాత్రంతా ఫ్రీజర్లో పెట్టాను. చలికి పాత గమ్ము పెళుసెక్కింది. పొద్దున బ్లేడు మొన ఆనించగానే తోక టప్పున విడింది. ఊడిన రెక్క దగ్గర సందును కార్లకు పెట్టే లప్పంతో పూడ్చి, 400 నంబరు వాటర్ పేపరుతో మొదలుపెట్టి 1200 దాకా తడితడిగా రుద్దాను. చక్రం కాలికి పాత కిట్టు చట్రంలోని ప్లాస్టిక్ పుల్లే దిక్కయింది. కొవ్వొత్తి సెగకు మెత్తబడ్డాక, మంట నుంచి తీసి మెల్లగా లాగితే సన్నబడుతుంది. పైలెట్ అద్దం గీతలు టూత్‌పేస్టుతో పోయాయి, పాతబడి వచ్చిన పసుపు రంగు మాత్రం పోలేదు.

రంగు దగ్గరే చెయ్యి ఆగింది. పాత ఎనామెల్‌ను బ్రేక్ ఆయిల్ తడిపిన దూదితో తీయొచ్చు, చేతికి గ్లౌజులు ఉండాలి. థిన్నరు జోలికి పోవద్దు, ప్లాస్టిక్కే కరుగుతుంది. అయితే రెక్క మీది వైమానిక దళం గుండ్రటి గుర్తు పెచ్చులూడిన చోట, కాషాయం కింద నీలం కనపడింది. ఇంగ్లండు కిట్టు కదా, వాళ్ల గుర్తు మీద అన్నయ్య మన మూడు రంగులూ కుంచెతో వేశాడు. వంకరగా, లోపలి ఆకుపచ్చ తెలుపులోకి కారి.

ఫోన్ చేశాను.

"కాషాయం ఎక్కడిది అన్నయ్యా?"

"ఏందిరా, మర్చిపోయావా? కనుమకి తాత ఎద్దుల కొమ్ములకి రంగేస్తే డబ్బా అడుగున మిగిలింది. ఆకుపచ్చ మన తలుపులది."

ఆ గుర్తుల చుట్టూ టేపు అంటించి, మిగతా రంగంతా తీసి కొత్తగా వేశాను. పెచ్చు లేచిన ఆ కాస్త నీలం అలాగే ఉంచాను.